గుణుపురం రైలు, మూడు నియోజకవర్గాలు, ఒక లోక్‌సభ

శ్రీకాకుళం జిల్లా నౌపడలో మొదలై పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా గుణుపురం చేరే రైలు మార్గం పొడవు సుమారు 90 కిలోమీటర్లు. పర్లాకిమిడి సంస్థానం చొరవతో 1900లో పడిన చిన్న లైను 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. ఈ దారిలో వెళ్లేవారు ఆంధ్రప్రదేశ్ నుంచి ఒడిశాలోకి అడుగుపెడతారని అందరికీ తెలుసు. మూడు లోక్‌సభ నియోజకవర్గాలు దాటుతారన్న సంగతి మాత్రం ఎన్నికలప్పుడు తప్ప ఎవరికీ తట్టదు. నౌపడ, పాతపట్నం శ్రీకాకుళం స్థానంలో ఉంటే పర్లాకిమిడి, కాశీనగర్ బరంపురం స్థానంలో, గుణుపురం కోరాపుట్ స్థానంలో ఉన్నాయి. ఒకే పెట్టెలో ఎదురెదురుగా కూర్చుని తెలుగులో కబుర్లాడుకునే ముగ్గురికి ఢిల్లీలో ముగ్గురు వేర్వేరు ప్రతినిధులు. లైనును గుణుపురం నుంచి తెరువలి దాకా పొడిగించి రాయగడ వైపు కలపాలన్న పాత కోరికను ఆ ముగ్గురిలో ఎవరు అడగాలి, ఏ రూపంలో అడగాలి, అడిగితే ఏమవుతుంది? లోక్‌సభ ఎలా నడుస్తుందో తెలిస్తే తప్ప ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు.

ఇప్పుడు లోక్‌సభలో స్థానాలు 543. రాజ్యాంగం 81వ అధికరణం రాష్ట్రాల నుంచి 530, కేంద్రపాలిత ప్రాంతాల నుంచి 20 మంది దాకా ఉండవచ్చని హద్దు పెట్టింది. ఇద్దరు ఆంగ్లో ఇండియన్లను నామినేట్ చేసే ఏర్పాటు 104వ సవరణ కారణంగా 2020 జనవరితో ముగిసింది. ఒడిశాకు 21, మహారాష్ట్రకు 48, ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17 స్థానాలు ఉన్నాయి. ఈ పంపకానికి ఆధారం 1971 జనాభా లెక్కలు. అర్ధ శతాబ్దం కిందటి లెక్కలతో ఇంకా సభ నడవడానికి కారణం 1976లో వచ్చిన 42వ సవరణ. అది రాష్ట్రాల వాటాలను స్తంభింపజేసింది. 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. 2008లో అమల్లోకి వచ్చిన నియోజకవర్గాల పునర్విభజన ఏ రాష్ట్రం వాటానూ ముట్టుకోలేదు, లోపలి గీతలను మాత్రమే మార్చింది. 2023లో ప్రారంభించిన కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభకు 888 కుర్చీలు వేశారు. రాబోయే రోజుల లెక్క ఏదో కట్టేవారి మనసులో ఉండే ఉంటుంది.

గీతలు గీసేవారు భౌగోళిక పరిస్థితి, పాలనా విభాగాల హద్దులు, రాకపోకల సదుపాయం, ప్రజల సౌకర్యం చూడాలని పునర్విభజన చట్టం చెబుతుంది. ఆ జాబితాలో భాష లేదు. అందుకే బరంపురం స్థానంలో ఛత్రపురం, గోపాల్‌పూర్, బరంపురం, దిగపహండి, చికిటి, మోహన, పర్లాకిమిడి కలిసి ఉన్నాయి. తెలుగు వినిపించే పట్టణాలూ, సవర పల్లెలూ, అచ్చమైన ఒడియా ఊళ్లూ ఒకే ఓటరు జాబితా కిందికి వచ్చాయి. మహారాష్ట్రలో గోదావరి, ప్రాణహిత కలిసే చోట ఉన్న సిరొంచ గడ్చిరోలి–చిమూర్ స్థానంలో ఒక కొస. ఆ స్థానమూ కోరాపుట్ లాగే షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు అయింది. తెలుగు ఓటుతోనే గెలిచే లోక్‌సభ స్థానం ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దుల్లో ఒక్కటీ లేదు. దీన్ని అన్యాయం అనడం తేలికే గానీ, భాషను బట్టి స్థానాలు ఇవ్వాలంటే దేశంలో ఏ గీతా నిలబడదు.

అయితే ఇదే సభ మరో వెసులుబాటు ఇచ్చింది. శాసనసభకు పోటీ చేయాలంటే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. లోక్‌సభకు సాధారణ స్థానంలో నిలబడాలంటే దేశంలో ఎక్కడ ఓటు ఉన్నా చాలు. పి.వి. నరసింహారావు 1984లో హనుమకొండలో ఓడి, అదే ఎన్నికల్లో మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుంచి గెలిచి సభకు వెళ్లారు. 1989లోనూ అక్కడి నుంచే గెలిచారు. 1996లో నంద్యాల, బరంపురం రెండు చోట్లా గెలిచి బరంపురాన్ని ఉంచుకున్నారు. తెలుగువాడు గనక బరంపురం తెలుగువారు గెలిపించారని చెప్పుకోవడం ఇష్టంగానే ఉంటుంది. కానీ ఆ గెలుపులో ఒడియా ఓట్ల వాటా తీసేస్తే మిగిలేది చాలదు.

ఒక్క ఓటు

సభలో సంఖ్య ఎంత కఠినమైనదో చూపడానికి సరిహద్దు జిల్లాల చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానంలో 269–270 ఓట్ల తేడాతో పడిపోయింది. ఆ రోజు ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసినవారిలో కోరాపుట్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ ఒకరు. రెండు నెలల ముందే, ఫిబ్రవరిలో, ఆయన ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు. శాసనసభ సభ్యత్వం అప్పటికి రాలేదు, లోక్‌సభ సభ్యత్వం వదులుకోలేదు. ముఖ్యమంత్రి లోక్‌సభలో ఓటేయవచ్చా అన్న వివాదాన్ని ఆనాటి స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గమాంగ్ విచక్షణకే వదిలారు. అమలాపురం నుంచి వచ్చిన స్పీకర్, కోరాపుట్ నుంచి వచ్చిన సభ్యుడు, మధ్యలో ఒక ప్రభుత్వం. రాజ్యాంగం ఈ పరిస్థితిని స్పష్టంగా నిషేధించలేదు. ఆరు నెలల్లోగా రాష్ట్ర శాసనసభకు ఎన్నిక కావాలని మాత్రమే అడుగుతుంది. చట్టం ఒప్పుకున్న పనిని మర్యాద ఒప్పుకుంటుందా అన్న తగవు ఇప్పటికీ తెగలేదు.

మంత్రిమండలి లోక్‌సభకు ఉమ్మడిగా జవాబుదారీ అని 75వ అధికరణం చెబుతుంది. రాజ్యసభ ప్రభుత్వాన్ని పడగొట్టలేదు. అవిశ్వాస తీర్మానం చర్చకు రావాలంటే 50 మంది లేచి నిలబడాలి. ద్రవ్య బిల్లు లోక్‌సభలోనే పుట్టాలి, అది ద్రవ్య బిల్లా కాదా అన్నది స్పీకర్ తేలుస్తారు, రాజ్యసభ దాన్ని 14 రోజుల్లో తిప్పి పంపాలి. స్పీకర్ మామూలుగా ఓటేయరు, ఓట్లు సమానమైతేనే వేస్తారు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

పాఠ్యపుస్తకాలు అంతగా పట్టించుకోనిది మూజువాణి ఓటు. సభలో ఎక్కువ నిర్ణయాలు ఇలాగే జరుగుతాయి. అవునన్నవారి గొంతులు, కాదన్నవారి గొంతులు విని స్పీకర్ ఫలితం చెబుతారు. ఎవరైనా అభ్యంతరపెట్టి విభజన కోరితేనే మీటలు నొక్కి లెక్కపెడతారు. ఆ కోరిక అనవసరమనిపిస్తే స్పీకర్ సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కపెట్టి తేల్చవచ్చు. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు మూజువాణి ఓటుతోనే నెగ్గింది. అదే ఏడాది జులై 11న పోలవరం ముంపు మండలాలను ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చిన సవరణ బిల్లుదీ అదే దారి. మల్కనగిరి గ్రామాలు మునుగుతాయని ఒడిశా సభ్యులు, మండలాలు పోతున్నాయని తెలంగాణ సభ్యులు నినాదాలు చేస్తూనే ఉన్నారు. ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు అన్నది పేరుపేరునా ఎక్కడా నమోదు కాలేదు. సరిహద్దు ఓటరు తన సభ్యుడిని నిలదీయడానికి కాగితం మీద ఆధారం లేదు.

రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం 3వ అధికరణం కింద పార్లమెంటుకే ఉంది. రాష్ట్రపతి సిఫార్సు ఉండాలి, సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలి, ఆ అభిప్రాయానికి కట్టుబడనక్కరలేదు. మామూలు మెజారిటీ చాలు. కోరాపుట్ జిల్లా పొట్టంగి దగ్గరి కొటియా గ్రామాల మీద ఆంధ్రప్రదేశ్, ఒడిశాల వివాదం 1968లో సుప్రీంకోర్టుకు చేరి దశాబ్దాలు నలిగింది. కొండ మీది ఊళ్లలో రెండు రాష్ట్రాలూ బోర్డులు పాతుతూ, పథకాలు పంచుతూ ఉంటాయి. చివరి మాట చెప్పగల చోటు ఢిల్లీలో ఉన్నా, ఏ ప్రభుత్వమూ ఆ బిల్లు తలకెత్తుకోలేదు. రెండు రాష్ట్రాల్లో ఒకదాన్ని దూరం చేసుకునే పని ఎవరు మాత్రం కోరి చేస్తారు?

పైగా విప్, అంటే ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశం, ఉంది. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు. ఆ ఫిర్యాదు మీద తీర్పు చెప్పేది స్పీకరే. కాబట్టి ఓటింగ్ దగ్గర బరంపురం సభ్యుడైనా గడ్చిరోలి సభ్యుడైనా ముందు పార్టీ మనిషి, తర్వాతే నియోజకవర్గం మనిషి. సరిహద్దు ప్రజల ఆశ అక్కడ పెట్టుకోవడం దండగ. విప్ పనిచేయని చోట్లు సభలో వేరే ఉన్నాయి. అసలు చూడవలసింది అవి.

ప్రశ్న, జవాబు, హామీ

సభ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 11 గంటలకు మొదలవుతుంది. మొదటి గంట ప్రశ్నోత్తరాల సమయం. మంత్రిత్వ శాఖలను ఐదు బృందాలుగా విడగొట్టి ఒక్కో బృందానికి వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు. సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వచ్చిన నోటీసులకు లాటరీ తీస్తారు. నక్షత్ర గుర్తు ప్రశ్నలు రోజుకు 20. వీటికి మంత్రి లేచి సమాధానం చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్ర గుర్తు లేనివి 230. వీటికి రాతపూర్వక జవాబు సభ ముందు ఉంచుతారు. మొదటి రకం ప్రశ్నల పట్టిక ఆకుపచ్చ కాగితం మీద, రెండోది తెల్ల కాగితం మీద అచ్చవుతుంది.

టీవీలో కనిపించేది ఆకుపచ్చ కాగితం. పనికొచ్చేది తెల్ల కాగితం. 20 ప్రశ్నల్లో నోటిమాటగా సమాధానం అందేవి కొన్నే, సభ వాయిదా పడితే అవీ ఉండవు. రాతపూర్వక జవాబు మాత్రం గొడవ జరిగినా సభ ముందుకు వస్తుంది, మంత్రి పేరుతో, తేదీతో, అంకెలతో. ఆ జవాబు తప్పని తేలితే మంత్రి సభలో సరిదిద్దుకోవాలి. కలెక్టరు కార్యాలయం చుట్టూ ఏళ్ల తరబడి తిరిగినా దొరకని సమాచారం ఒక్కోసారి ఈ రెండు పేజీల్లో దొరుకుతుంది.

అయితే ప్రశ్న ఎలా రాయాలన్నదే అసలు విద్య. నియమాల ప్రకారం ప్రశ్న మామూలుగా 150 మాటలు దాటకూడదు. కేంద్ర ప్రభుత్వ బాధ్యతలో ఉన్న విషయమే అడగాలి. కోర్టు విచారణలో ఉన్నది అడగకూడదు. ఇక్కడే సరిహద్దు మాట ఎక్కువసార్లు గడప దగ్గర జారిపడుతుంది. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా బడుల్లో తెలుగు ఉపాధ్యాయుల పోస్టులు ఎందుకు ఖాళీగా ఉన్నాయని అడిగితే, నియామకాలు రాష్ట్రం పని అన్న ఒక్క వాక్యంతో చేతులు దులుపుకోవచ్చు. అదే విషయాన్ని మరోలా అడగవచ్చు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించాలన్న 350ఎ అధికరణం అమలుపై భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల కమిషనర్ ఒడిశా గురించి ఏ నివేదికలో ఏం రాశారు, రాష్ట్రం ఏం బదులిచ్చింది, దాని మీద కేంద్రం ఏ చర్య తీసుకుంది? ఈ రూపంలో వచ్చిన ప్రశ్నను రాష్ట్రం మీదికి నెట్టడం కష్టం. ఎందుకంటే ఆ కమిషనర్‌ను 350బి అధికరణం కింద నియమించేది రాష్ట్రపతి, నివేదికలు పార్లమెంటు ఉభయసభల ముందుకు రావాలి. 1957 నుంచి ఉన్న ఈ పదవి గురించి సరిహద్దు జిల్లాల తెలుగు సంఘాల్లో ఎంతమందికి తెలుసో గానీ, తెలుగు బడి గురించి లోక్‌సభలో తలుపు తట్టడానికి ఇంతకంటే గట్టి ఆధారం మరొకటి లేదు. నివేదిక సభ ముందుంచడం వేరు, దాని మీద చర్చ జరగడం వేరు. రెండోది జరగాలంటే ఎవరో ఒకరు అడగాలి.

రైలు, నది విషయాల్లో ఈ తిప్పలు తక్కువ. రైల్వేలు పూర్తిగా కేంద్రానివి. వంశధార అంతర్రాష్ట్ర నది, దాని జలాల తగాదా మీద 2010లో ట్రిబ్యునల్ ఏర్పాటు చేసింది కేంద్రమే. ఆ నది మీది నేరడి బ్యారేజీ గురించి ఒడ్డునున్న రైతు తరఫున అటు శ్రీకాకుళం సభ్యుడూ ఇటు బరంపురం, కోరాపుట్ సభ్యులూ ఒకే రోజు ఒకే మంత్రిని వేర్వేరుగా ప్రశ్నించవచ్చు. రెండు రాష్ట్రాల వాదనలు వేరు కాబట్టి వచ్చే జవాబులను పక్కపక్కన పెట్టి చదివితే కేంద్రం ఎటు మొగ్గుతోందో బయటపడుతుంది. గుణుపురం–తెరువలి లైను సంగతీ అంతే. సర్వే ఏ దశలో ఉంది, ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు చేశారు అని మూడు ముక్కల్లో అడిగితే మూడు అంకెలు రావాలి. ‘లైను ఎప్పుడు వేస్తారు’ అని ఆవేశంగా అడిగితే ‘సాధ్యాసాధ్యాలను బట్టి’ అన్న జవాబు వస్తుంది.

జవాబు వచ్చాక కథ అయిపోదు. ‘విషయం పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం’, ‘విచారణ జరిపిస్తాను’ అన్న మాటలు విని సామాన్యుడు పెదవి విరుస్తాడు. లోక్‌సభ వాటిని అలా వదిలేయదు. ఇలాంటి మాటల నమూనా జాబితా ఒకటి ఉంది. మంత్రి నోట వాటిలో ఏది వచ్చినా అది హామీ కింద లెక్క. 15 మంది సభ్యులుండే ప్రభుత్వ హామీల సంఘం దాన్ని పట్టుకుని వెంటాడుతుంది. మామూలు గడువు మూడు నెలలు. నెరవేర్చలేకపోతే శాఖ అధికారులు వచ్చి గడువు పెంచమనో, హామీని తొలగించమనో సంఘాన్ని అడగాలి. ఈ సంఘం 1953 నుంచి ఉంది, మంత్రులకు ఇందులో చోటు లేదు. పత్రికల్లో దీని పేరు కనిపించేది అరుదు, ఇక్కడ అరుపులూ కేకలూ ఉండవు కదా.

శూన్యకాలానికి వచ్చే పేరు మాత్రం పెద్దది. మధ్యాహ్నం 12 తర్వాత అత్యవసర విషయాలు లేవనెత్తే ఆ వేళలో నోటీసు ఇచ్చి, లాటరీలో పేరు వస్తే ఒకటి రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. మంత్రి అక్కడికక్కడే జవాబు చెప్పాలన్న నియమం లేదు. ఊళ్లో వాట్సాప్‌లో తిరిగే వీడియోలు ఎక్కువగా ఈ నిమిషాలవే. 377వ నియమం కింద చదివే ప్రస్తావన అంత ఆకర్షణీయంగా ఉండదు. 250 మాటలు మించని కాగితం అది, చాలాసార్లు చదివినట్టు భావించి సభ ముందు ఉంచేస్తారు. కానీ దానికి సంబంధిత మంత్రి నుంచి సభ్యుడికి లేఖ రూపంలో జవాబు వస్తుంది. వీడియో కావాలా, లేఖ కావాలా అన్నది నియోజకవర్గం తేల్చుకోవాలి. శుక్రవారం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యుల, అంటే మంత్రులు కానివారి, పనికి కేటాయింపు. వారి బిల్లుల్లో ఇప్పటిదాకా చట్టమైనవి 14, చివరిది 1970లో. వాటి మీద ఆశ అక్కరలేదు.

సంఘాలు, అర్జీలు, పద్దులు

సభ పూర్తిగా కూర్చుని చేయలేని పనిని సంఘాలు చేస్తాయి. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో మొదలై 2004 నుంచి 24 ఉన్నాయి. ఒక్కో దాంట్లో 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ సభ్యులు. తలుపులు మూసి, కెమెరాలు లేకుండా, కార్యదర్శులను కూర్చోబెట్టి అడుగుతారు. పార్టీ గోడలు అక్కడ కొంత పలచబడతాయి. 2024లో ఏర్పడిన గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంఘానికి అధ్యక్షుడు కోరాపుట్ సభ్యుడు సప్తగిరి ఉలాక. ప్రతిపక్ష సభ్యుడికి, అదీ రాయగడ, గుణుపురం లాంటి కొండ ప్రాంతాలున్న స్థానం నుంచి వెళ్లిన సభ్యుడికి, అధికారులను ఎదుట కూర్చోబెట్టి ఉపాధి పథకం గురించో గ్రామీణ రోడ్ల గురించో నిలదీసే చోటు ఇది. సంఘం సిఫార్సు ప్రభుత్వాన్ని కట్టిపడేయదు. ఏ సిఫార్సు మీద ఏం చేశారో తిరిగి చెప్పుకోక మాత్రం తప్పదు.

అర్జీల సంఘం దారి ఇంకా నేరుగా ఉంటుంది, ఎవరైనా పౌరుడు లోక్‌సభకు అర్జీ పెట్టుకోవచ్చు. ఒక సభ్యుడు దాని మీద సంతకం చేయాలి. ఆ సభ్యుడు అర్జీదారు నియోజకవర్గం వారే కావాలని లేదు. పర్లాకిమిడివారి అర్జీని శ్రీకాకుళం సభ్యుడు సమర్పించినా నియమం అడ్డురాదు. అర్జీ హిందీలోనో ఇంగ్లిషులోనో ఉండాలి. తెలుగులో రాస్తే ఆ రెండిట్లో ఒక భాషలోకి అనువాదం జతచేసి దాని కిందా సంతకం పెట్టాలి. కోర్టులో ఉన్నవి, మామూలుగా రాష్ట్ర శాసనసభలో లేవనెత్తవలసినవి ఇక్కడా చెల్లవు.

భాష గురించి రెండు మాటలు. సభా వ్యవహారాలు హిందీ, ఇంగ్లిషుల్లో సాగాలని 120వ అధికరణం చెబుతూనే, ఆ రెండూ సరిగా రానివారు మాతృభాషలో మాట్లాడటానికి స్పీకర్ అనుమతించవచ్చని అంటుంది. తెలుగు, ఒడియా, మరాఠీ ప్రసంగాలను అప్పటికప్పుడు అనువదించే ఏర్పాటు ఉంది. బరంపురం నుంచి గెలిచినవారు తెలుగులో ప్రమాణం చేస్తామన్నా ఎవరూ కాదనలేరు.

డబ్బు దగ్గర సభ అధికారం కాగితం మీద అపారం, ఆచరణలో అరకొర. ప్రతి మంత్రిత్వ శాఖ పద్దునూ, అంటే ఖర్చుకు అడిగే మొత్తాన్ని, లోక్‌సభ ఆమోదించాలి. పద్దును నూరు రూపాయలు తగ్గించమని కోత తీర్మానం ఇచ్చే వీలు నియమాల్లో ఉంది. ఒక నిర్దిష్టమైన ఫిర్యాదును సభ ముందుకు తేవడానికే ఆ నూరు రూపాయల కోత. గుణుపురం లైను లాంటి వాటికి సరిగ్గా అతికే పనిముట్టు ఇది. కానీ ఏటా కొన్ని శాఖల పద్దులే చర్చకు వస్తాయి. చివరి రోజు నిర్ణీత సమయానికి గిలెటిన్ వేసి, అంటే చర్చ ఆపేసి, మిగతావన్నీ ఒక్క ఊపున ఆమోదిస్తారు. 2017లో రైల్వే బడ్జెట్‌ను సాధారణ బడ్జెట్‌లో కలిపాక రైలు మార్గాల చర్చకు ఉన్న ప్రత్యేక సందర్భమూ పోయింది. ఏ లైనుకు ఎంత ఇచ్చారో వెతకాలంటే రైల్వేల కేటాయింపుల పుస్తకం పింక్ బుక్ తిరగేయాలి.

సమావేశాలు ముగిసి రాష్ట్రపతి సభను ప్రొరోగ్ చేస్తే, అంటే ఆ సమావేశాలకు లాంఛనంగా తెరదించితే, బిల్లు ప్రవేశపెడతామన్న నోటీసులు తప్ప పెండింగులో ఉన్న మిగతా నోటీసులన్నీ రద్దవుతాయి. వర్షాకాల సమావేశాల్లో లాటరీ తగలని ప్రశ్నను శీతాకాలంలో మళ్లీ మొదటి నుంచి అడగాలి. ఐదేళ్లు నిండో, ముందుగానో సభ రద్దయితే లోక్‌సభలో పెండింగులో ఉన్న బిల్లులు దాంతోపాటే పోతాయి. మంత్రి ఇచ్చిన హామీ మాత్రం పోదు. పాత సభలో మిగిలిపోయిన వాటిని కొత్త సభ హామీల సంఘం చేతిలోకి తీసుకుంటుంది. వెనకటి సభ్యుడు ఓడిపోయి ఉండవచ్చు, ప్రభుత్వమే మారి ఉండవచ్చు. ఆనాటి ప్రశ్న సంఖ్య, తేదీ, జవాబు పత్రం లోక్‌సభ వెబ్‌సైటులో సభ్యుడి పేరు కింద అలాగే ఉంటాయి. కొత్తగా గెలిచినవారి దగ్గరకు వినతిపత్రం పట్టుకెళ్లేవారు ఆ పాత జవాబును దానికి జతచేస్తే, అడగవలసిన ప్రశ్న సగం రాసి ఇచ్చినట్టే.